ఎండిన దబదబె ముందు పెళ్లిఫోటో

మా ఇంట్లో హాలు గోడ మీద ఒక ఫోటో ఉంది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు కాసేపు నిలబడి, "పోయి పోయి ఎండిన బండ ముందు తీయించుకున్నారేంటండీ?" అని అడుగుతారు. అది మా పెళ్లిఫోటో అని చెబితే ఇంకా తికమకపడతారు. అందులో ఆయన నుదుట బాసికం లేదు, నా తలలో పూలు లేవు, ఇద్దరి ముఖాల్లోనూ చంటిపిల్లను పెంచుతున్నవాళ్ల అలసట కనిపిస్తూనే ఉంది. పెళ్లయిన ఏడెనిమిదేళ్లకు తీసిన పెళ్లిఫోటో అది. వచ్చినవాళ్లందరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే ఒక్కసారి మొదటి నుంచీ రాసి పెడుతున్నాను.

మా నాయినకు రాయచూరులో స్టేషన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో ఉండేది. ముందు దుకాణం, వెనక చీకటి గది, మధ్యలో ఫోటోలు తీసే హాలు. హాల్లో గోడకు వేలాడే పరదా మీద ఒక జలపాతం బొమ్మ ఉండేది. పచ్చటి కొండలు, వాటి నడుమ నుంచి తెల్లగా దూకే నీళ్లు, కింద చెక్క వంతెన, వంతెన పక్కన మెడ వంచిన హంస. మా వీధుల్లో పెళ్లయిన జంట ఏదైనా సరే, ఆ వారంలోనే వచ్చి ఆ పరదా ముందు నిలబడాల్సిందే. ఎండాకాలం వస్తే కుళాయి దగ్గర బిందెలతో కొట్లాడుకునే ఊరు మాది. కానీ ఆ కాలపు ఆల్బములు తిరగేస్తే ఊరంతా నీళ్ల ఒడ్డునే కాపురాలు పెట్టిందని అనుకోవాలి.

చిన్నప్పుడు నేను ఆ పరదా ముందు కూర్చుని, "నాయినా, గీ నీళ్లు నిజంగ యాడున్నయి?" అని అడిగాను.

"లింగసుగూరు దిక్కు, హట్టి గనుల అవతల గుట్టలల్ల ఒక దబదబె ఉన్నది బిడ్డా. వానకాలం దుంకుతది. నీ పెండ్లి అయినంక నిన్ను, అల్లున్ని ఆడ నిలబెట్టి తీస్త. ఊరోళ్లకు పరదా, నా బిడ్డకు నిజం నీళ్లు" అన్నాడు.

జలపాతాన్ని మా దిక్కు కన్నడంలో దబదబె అంటారు. నాయిన ఆ మాటను ఎంత ఇష్టంగా అనేవాడంటే నాకు ఆ నీళ్ల చప్పుడు వినిపించినట్టే ఉండేది. నేను పెద్దదాన్నయ్యాక ఆయన ఇచ్చిన మాట మరిచిపోయాను గానీ నాయిన మరవలేదు.

స్టూడియో పని కూడా నాయినే నేర్పాడు. ఎర్ర దీపం కింద కాగితం మీద ముఖాలు మెల్లగా తేలడం, ఎండాక సన్నటి కుంచెతో మచ్చలు కప్పడం, తెలుపు నలుపు ఫోటోకు చీరె రంగూ పెదవుల రంగూ అద్దడం, అన్నీ. "ఆడిపిల్లకు చీకటి గదిల ఏం పని" అని అమ్మ గొణిగేది. "చీకట్ల ఆడేంది, మొగేంది" అనేవాడు నాయిన.

నేను పెళ్లీడుకొచ్చేసరికి కృష్ణ ఒడ్డున కరెంటు కార్ఖానా లేచింది. మొదటి పొగగొట్టం అంతెత్తున నిలబడ్డప్పుడు ఊళ్లో జనం ఆదివారాలు టెంపోలు మాట్లాడుకుని పోయి చూసి వచ్చేవాళ్లు. అక్కడ ఉద్యోగం ఉన్న అల్లుడు దొరికితే ఆడపిల్ల తండ్రి ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. మా నాయిన కూడా మాట్లాడలేదు. మా ఆయన ఆ కార్ఖానాలో టర్బైన్ మరమ్మతు పనిలో ఉండేవాడు. వాళ్లది ఇడపనూరు, నాలుగెకరాల సేద్యం. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒక్కతే పెంచి చదివించింది. ఆ తల్లే మా అత్త. మంచిదే గానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. కంటికి కనిపించింది నోటికి రాకుండా ఆపుకోవడం ఆమె వల్ల కాదు.

నా పెళ్లికని నాయిన కొత్త కెమెరా కొన్నాడు. అప్పటిదాకా ఆయనది ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలుండి పైనుంచి వంగి చూసే పాత కెమెరా. దాన్ని పక్కన పెట్టి, కంటికి ఆనించుకుని చూసే కొత్తది తెచ్చాడు. కన్యాదానం పీటల మీద నుంచి లేచాడో లేదో, పంచె ఎగ్గట్టి ఆ కెమెరా అందుకున్నాడు. తలంబ్రాలు తీశాడు, సప్తపది తీశాడు, అప్పగింతలప్పుడు ఏడుస్తూనే తీశాడు. "చూసినవా తమ్మీ, దీంట్ల ఫిల్ము అయిపోతనే లేదు, మస్తు పడుతది" అని మా చిన్నాయనతో గొప్పలు పోవడం తలంబ్రాల సందట్లో నేను విన్నాను. ఎందుకు అయిపోతుంది? ఫిల్ము కొస లోపలి పళ్లచక్రానికి పట్టుకోలేదు. ఆయన తిప్పుతున్నాడు, నొక్కుతున్నాడు, అంకెలు మారుతున్నాయి, ఫిల్ము మాత్రం చుట్టలోనే పడుకుని ఉంది. పాత కెమెరా చేతిలో ఉంటే కళ్లు మూసుకుని కూడా ఆ తప్పు చేసేవాడు కాదు. బిడ్డ పెళ్లికి కొత్తది ఉండాలన్న మురిపెమే ముంచింది.

ఒడిబియ్యం పోయడానికి నన్ను పుట్టింటికి తీసుకుపోను ఇడపనూరు వచ్చినప్పుడు నాయిన చేతిలో మిఠాయి బుట్ట తప్ప ఏమీ లేదు.

"ఫోటోలు తేలేదా అన్నా?" అని మా అత్త గడపలోనే అడిగింది.

"ఫిల్ము పట్టలే చెల్లె" అన్నాడు నాయిన.

"దీపం కిందనే చీకటంటరు, గిదే. ఊరందరి పెండ్లిండ్లు పట్టుకొచ్చినవు, నీ బిడ్డ పెండ్లి యాడనో పారేసుకున్నవు" అంది అత్త. ఆమె నవ్వుతూనే అంది, కానీ నాయిన నవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మీద మండింది, నాయిన మీదా మండింది. ఊళ్లో ఎవరి పెళ్లికీ జరగనిది నా పెళ్లికే జరగాలా అని ఏడుపొచ్చింది. బస్సులో నాయిన నా పక్కన కూర్చుని, "దబదబె కాడ తీస్త గదా బిడ్డా. అదే నీ పెండ్లి ఫోటో అనుకో" అన్నాడు. ఆయన ముఖం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆ ఫోటో ఆయన గొంతులో ముల్లయి కూర్చుంది.

అత్త మాత్రం ఆ సంగతి వదల్లేదు. ఏ పేరంటానికి పోయినా, ఎవరి ఇంట్లో పెళ్లిఫోటో కనిపించినా, "మా కోడలికి లేదమ్మా, ఆమె తండ్రి ఫోటోల దుకాణమోడే" అని చెప్పి నవ్వించేది. నేను ఇంటికొచ్చాక గిన్నెలు దబదబా పడేసేదాన్ని. ఆమెకు అది నా కోపమని తెలిసేది, అయినా ఊరుకునేది కాదు.

మరి జలపాతం ఉంది, కెమెరా ఉంది, ఇన్నేళ్లు ఎందుకు పట్టింది అంటారా? అది మా ఆయన ఉద్యోగం మహిమ. ఎండాకాలమంతా కరెంటుకు గిరాకీ ఉండి యంత్రాలు ఆగకుండా తిరిగేవి. వానలు పడి పైన డ్యాములు నిండితే నీళ్లతోనే కరెంటు వచ్చేది కాబట్టి, మా దగ్గర ఒక్కో యంత్రాన్నీ ఆపి విప్పి ఓవర్‌హాల్ చేసేవాళ్లు. యంత్రం తిరిగితే మా ఆయనకు తీరిక, ఆగితే పని. అంటే దబదబె దూకే నెలలన్నీ ఆయన టర్బైను కింద నూనె మరకల్లో దూరి ఉండేవాడు. ఇంటికి తిండికి వస్తే అదే గొప్ప. ఆయనకు రజా, అదే సెలవు, దొరికే నాటికి గుట్టల్లో చుక్క నీరు ఉండేది కాదు.

వానకాలం మొదలవగానే నాయిన రాయచూరు నుంచి బస్సెక్కి మేముండే కార్ఖానా కాలనీకి వచ్చేవాడు. "ఈ ఏడు రజా ఇస్తరా అల్లుడా?" అని అడిగేవాడు. "పైసారు సరే అన్నడు మామా, మా సారు ఒప్పుకుంటలేడు" అనేవాడు మా ఆయన తల వంచుకుని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుండేది. "అంగట్ల అన్నీ ఉన్నయి, అల్లుడి నోట్ల శని ఉన్నది" అనేది మా అత్త తన కొడుకును చూసి. ఆ మాటకు మాత్రం నాయినకు నవ్వొచ్చేది. టీ తాగి, మా చిన్నదాన్ని కాసేపు ఎత్తుకుని, మళ్లీ బస్సెక్కి పోయేవాడు.

ఆ కాలనీ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరను, దాన్ని బట్టి పొయ్యి మీద ఎసరు పెట్టుకోవడం, ఆరేసిన బట్టల మీద సన్నగా బూడిద రాలితే దులిపి దులిపి చేతులు నొప్పి పుట్టడం. పక్కింటావిడతో కన్నడం, ఎదురింటావిడతో ఉర్దూ, గోడ అవతలి గుంటూరు వాళ్లతో ఇంకో రకం తెలుగు. ఒక్క పూటలో మూడు భాషల్లో పోట్లాడి మూడు భాషల్లో కలిసిపోయేవాళ్లం. రాయచూరు పోయే బస్సు యరమరస్ దగ్గరికి వచ్చేసరికి కిటికీ బయట జొన్న చేలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు అక్కడ కూడా కార్ఖానా వచ్చింది.

ఒక ఏడాది సంక్రాంతి దాటాక నాయిన బస్సు దిగి వస్తూ గేటు కమ్మీకి గుద్దుకున్నాడు. "కండ్లల్ల జర మబ్బు ఉన్నది" అన్నాడు. నేను బలవంతంగా దవాఖానాకు తీసుకుపోయాను. కంటి వెనక నరం ఎండిపోతోందనీ, ఆపరేషన్ చేసినా పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. బయటికి వచ్చాక నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాయిన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అల్లునికి ఇప్పుడు రజా దొరుకుతదా?" అని అడిగాడు.

"ఇప్పుడు ఆడ నీళ్లుండయి నాయినా."

"నీళ్ల కోసం వానకాలం దాకా ఆగితే నా కండ్లు ఆగవు. నీళ్లు లేకుంటే ఏమాయె, తర్వాత కుంచెతోని నువ్వే వెయ్యి. దేవుండ్ల పటాలకు మబ్బులు వెయ్యలేదా మనం? నన్ను ఒక్కసారి ఆ బండ ముంగట నిలబడి తియ్యనియ్యి."

అంతా మాట్లాడుకుని బయల్దేరేసరికి హోళీ వెళ్లింది, ఉగాది ఇంకా రాలేదు. మా చిన్నదాన్ని అమ్మ దగ్గర వదిలాం. నేను, మా ఆయన, నాయిన ముగ్గురం అనుకుంటే మా అత్త కూడా సంచి పట్టుకుని తయారైంది. "ఇన్నేండ్ల సంది వింటున్న, నేను గూడ చూస్త ఆ దబదబె ఏందో" అంది. వద్దంటే వినే మనిషి కాదు.

లింగసుగూరు బస్సులో పోయి, అక్కడ ఒక జీపు మాట్లాడుకున్నాం. దారిలో హట్టి గనుల షిఫ్టు దిగినవాళ్లు దుమ్ము ముఖాలతో బస్సుల కోసం నిలబడి ఉన్నారు. వాళ్లను చూసి మా ఆయన, "మా పని మీద వీళ్లదే నయం, వానకు ఎండకు ఒక్కటే తీరు" అన్నాడు. నాయిన పాత కెమెరాను ఒళ్లో పెట్టుకుని దాని పెట్టె మూతను నిమురుతూ కూర్చున్నాడు. కొత్త కెమెరాను నా పెళ్లి తర్వాత ఆయన మళ్లీ ముట్టలేదు.

గుట్ట కింద జీపు దిగి కొంత దూరం నడిచాం. చెట్లకు ఆకు రాలిపోయి కట్టెలు మిగిలాయి. వాటి మధ్య మోదుగు చెట్లు మాత్రం ఒంటి నిండా ఎర్రగా పూసి ఉన్నాయి. ఆ చెట్లు దాటితే దబదబె. పెద్ద నల్ల బండ, దాని మీద పైనుంచి కిందికి నీళ్లు జారిన చారలు, అడుగున పాచి పట్టిన చిన్న మడుగు. మడుగు ఒడ్డున ఒక మోదుగు చెట్టు.

"గిదేనా అన్నా నీ దబదబె? మా పెరటి గోడకు వానకు గిట్లనే చారలు పడుతయి" అంది అత్త.

నాయిన ఏమీ అనుకోలేదు. గాలి పీల్చి, "ఇదే, ఇదే" అన్నాడు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాడు. ఫిల్ము వేసేటప్పుడు బొటనవేలితో కొసను రెండుసార్లు తడిమి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఎందుకు వింటున్నాడో మా అందరికీ తెలుసు. అత్త కూడా ఆ నిమిషం ఏమీ అనలేదు.

మా ఆయన పోయి బండ కింద నిలబడ్డాడు. నేను కూడా అక్కడికే పోవాల్సింది. కానీ చెప్పులో ముల్లు దిగితే నాయిన వెనక ఉన్న రాయి మీద కూర్చుని తీసుకుంటున్నాను. ఆ రోజు నేను కట్టుకున్నది పెళ్లినాటి ఎర్ర చీరె.

నాయిన కెమెరా మీదికి వంగి చూస్తూ చెయ్యి పైకెత్తాడు. "బిడ్డా, జర అల్లుని దిక్కు జరుగు" అన్నాడు.

నాతో కాబోలు అనుకుని, "వస్తున్న" అనబోయాను. ఆయన మళ్లీ అన్నాడు. "ఇంక జర. గంత దూరం ఎందుకు, కొట్లాడినరా ఏంది? తల జర ఎత్తు."

ఆయన చెయ్యి మడుగు ఒడ్డున ఉన్న మోదుగు చెట్టు వైపు ఉంది. మా ఆయన అక్కడి నుంచి నా వైపు చూశాడు. నోటి మీద వేలు పెట్టి ఎవరూ మాట్లాడొద్దని సైగ చేశాను, చప్పుడు చేయకుండా పోయి నిలబడదామని లేచాను. కానీ అక్కడున్నది మా అత్త.

"అన్నా, అది మోదుగు చెట్టు. నీ బిడ్డ నీ ఎన్కనే ఉన్నది" అంది.

నాయిన వంచిన తల ఎత్తలేదు. కెమెరాలోకి చూస్తూనే ఉన్నాడు. "అట్లనా" అన్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అత్తను అక్కడే నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను, కానీ నా నోటి నుంచి వచ్చింది నాయిన మీద. "గింత పోయిందని ఎందుకు చెప్పలే? రోజూ దుకాణంల ఎట్ల తీస్తున్నవు మరి?"

"స్టూడియోల అన్ని జాగ మీద ఉంటయి బిడ్డా" అన్నాడు. "స్టూల్ ఆడనే, పరదా ఆడనే, నేల మీద సుద్ద గీత ఆడనే. మనిషి వచ్చి గీత మీద నిలబడితే ఫోటో వస్తది. నేను చూసేది ఏం లేదు. ఈడ ఏదీ జాగ మీద లేదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఏడాదిగానో ఇంకా ముందు నుంచో ఊరి వాళ్లనందరినీ ఆయన చూడకుండానే తీస్తున్నాడు. ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ హాల్లో తిరిగినదాన్ని, నాకెట్లా తెలియలేదని ఇప్పటికీ మనసు కొట్టుకుంటుంది.

"పోదాం నాయినా. ఫోటో వద్దు, ఏం వద్దు" అన్నాను.

"ఎట్ల పోతం? నీళ్లు లేవు, కండ్లు లేవు, అల్లుని రజా ఒక్కటి ఉన్నది. దాన్ని గూడ ఖరాబ్ జేస్తవా?" అన్నాడు. అని తనే నవ్వాడు. మా ఆయన బండ కింద నుంచి, "మళ్ల రజా ఇయ్యరు, తియ్యనియ్యి" అని అరిచాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నాయిన కెమెరా దగ్గర నుంచి పక్కకు జరిగి, "నువ్వు చూసి పెట్టు. నొక్కుడు మటుకు నేనే నొక్కుత" అన్నాడు. నేను వంగి చూసి, మా ఆయన ముఖం మీద వెంట్రుకలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చేదాకా మరను తిప్పి పెట్టాను. నేను నిలబడబోయే చోట, తన కాలి పక్కన, ఒక రాయి పెట్టమని మా ఆయనకు చెప్పాను. నాయిన వేలిని మీట మీద పెట్టి, పోయి ఆ రాయి దగ్గర నిలబడ్డాను. ఇక ఎప్పుడు నొక్కాలో చెప్పడానికి మనిషి కావాలి. మా అత్త కొంగు నడుముకు దోపుకుని నాయిన పక్కన వచ్చి నిలబడింది.

"ఇప్పుడు వద్దు, నా కొడుకు ఆవులిస్తున్నడు" అంది. "ఆఁ, ఇప్పుడు మూసిండు."

"బిడ్డ నవ్వుతున్నదా?" అని అడిగాడు నాయిన.

"ఎక్కడి నవ్వు, ముక్కు చీదుతున్నది."

"అయితే ఆగుదాం."

"ఓ పిల్లా" అని నన్ను పిలిచింది అత్త. "ఇగ నుంచి పేరంటాలల్ల చెప్పెటందుకు నాకు మాట లేకుంట చేస్తున్నరు మీ తండ్రీబిడ్డలు. నేనేం చెప్పి నవ్వియ్యాలె అందరిని?"

ఆ మాటకు నవ్వొచ్చేసింది. ఇన్నేళ్ల కోపం ఎట్లా వచ్చిందో అట్లానే పోయింది. "నవ్వింది. నొక్కు అన్నా, నొక్కు" అంది అత్త. నాయిన నొక్కాడు.

ఫిల్ము కడగడం మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ సాయంత్రం స్టూడియోలో తలుపు మూసి, చీకట్లో ఫిల్ము విప్పి, చుట్టి, మందులో ముంచి ఊపాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. చీకటి గదిలో నాకూ ఏమీ కనిపించదు, ఆయనకూ కనిపించదు. ఆయన చేతులు మాత్రం నా చేతుల కంటే తొందరగా కదిలాయి. కడిగి తీసి దీపం ముందు పట్టుకుని చూశాను.

"పట్టిందా?" అని అడిగాడు.

"పట్టింది నాయినా" అన్నాను. ఆయన గోడకు చేరగిలబడి చాలాసేపు కళ్లు తుడుచుకున్నాడు.

పెద్ద కాగితం మీద ముద్ర వేసి ఆరబెట్టాక, తెల్ల రంగు కలుపుకుని కూర్చున్నాను. ఆయన పక్కన స్టూల్ మీద కూర్చుని, "పైన సన్నగ మొదలుపెట్టు, కిందికి వచ్చెటాళ్లకు పొగ లెక్క చెయ్యి" అని చెబుతున్నాడు. కుంచె కాగితానికి ఆనించబోయి ఆగిపోయాను. చారలన్నీ సరిగ్గా మా ఇద్దరి తలల మీదికే దిగి ఉన్నాయి.

"నీళ్లు వేస్తే మా నెత్తిన్నే పడుతయి నాయినా. సరిగ్గ దుంకే జాగలనే నిలబడ్డం."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా నవ్వాడు. "అల్లునికి పడిశం పడితే మళ్ల రజా పెట్టాలె. వద్దు, ఉండనియ్యి అట్లనే. రంగు అద్దు చాలు. నా కండ్లకు ఇప్పుడు ఎరుపొక్కటే కనిపిస్తది, మంచిగ ఎర్రగ అద్దు."

అట్లాగే చేశాను. ఆ ఫోటోలో నా చీరెకూ మోదుగు పూలకూ ఒకే గిన్నెలోని ఎరుపు అద్దాను. మిగిలిందంతా తెలుపూ నలుపే.

మా ఆయన రిటైరయ్యాక ఒక వానకాలం మేమిద్దరం మళ్లీ అక్కడికి పోయాం. ఓవర్‌హాల్ లేదు, రజా అడగాల్సిన పని లేదు. దబదబె విరగబడి దూకుతోంది, చప్పుడుకు పక్కన మనిషి మాట వినిపించడం లేదు. పరదా మీది బొమ్మ కంటే వెయ్యి రెట్లు బాగుంది. మేము నిలబడిన చోటు వెతికాను. అది నీళ్ల అడుగున ఉంది. నాయిన కోరినట్టు నీళ్లున్న రోజు పోయి ఉంటే ఆ చోట నిలబడగలిగేవాళ్లమే కాదు. అక్కడున్న కుర్రవాళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని, "ఆంటీ, ఫోటో తెగీలా?" అని, ఫోటో తీయమంటారా అని కన్నడంలో అడిగారు. మాకు ఉందని చెప్పాను.

కానీ ఆ ఫోటోను చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ నీళ్లు కాదు. మా కూతురి ఓణీల పండుగ నాటి సంగతి. అప్పటికి నాయినకు వెలుగు చీకటి తేడా తప్ప ఏమీ తెలియడం లేదు, కంటికి ఆనించి పెడితే మాత్రం ఎరుపేదో మసకగా అందేది. స్టూడియో మూసేసి మా దగ్గరే ఉంటున్నాడు. ఇల్లంతా చుట్టాలు. ఎవరో ఆ ఫోటో సంగతి అడిగారు. నాయిన కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ పోయి, పటం అంచు తడిమి, అద్దానికి ముఖం ఆనించి వెతికాడు. ఆయన వేలు పోయి పెద్ద ఎరుపు మీద ఆగింది.

"ఇది నా బిడ్డ" అన్నాడు. "పెండ్లి నాడు నేను తియ్యలేకపోయిన. ఇది మటుకు మంచిగ పట్టింది. చూడుండ్రి ఎట్ల నవ్వుతున్నదో."

ఆయన వేలు మోదుగు చెట్టు మీద ఉంది. గదిలో అందరూ చూశారు. మా అత్త ఆ పటం పక్కనే నిలబడి ఉంది. ఆమె నోరు తెరిచింది. ఇప్పుడు నేనేం చేసినా ఆపలేను అనుకున్నాను.

"అవునన్నా" అంది అత్త. "మస్తు నవ్వుతున్నది."

తర్వాత ఆమె, ఏదో అనబోయిన మా ఆడపడుచును మోచేత్తో పొడిచి, అందరికీ మంచినీళ్లు తెమ్మని లోపలికి పంపింది.